మీటరు దగ్గర మొదలైన లెక్క: మత్తికెరె ఇంటి ఖర్చుల డైరీ

జూన్ 2, 2025, సోమవారం

బెంగళూరులోని పీన్యా పారిశ్రామిక ప్రాంతంలో కొలత పరికరాలను సరిచూసే ఒక చిన్న ల్యాబులో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. వెర్నియర్లు, మైక్రోమీటర్లు, డయల్ గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చి ధ్రువపత్రం రాయడమే నా ఉద్యోగం. మే నెలాఖరుకు ఆ విభాగాన్ని మూసివేశారు. రెండు నెలల జీతం చేతిలో పెట్టి పంపించారు. దానికి తోడు బ్యాంకులో కొంత నిల్వ ఉంది. ఇంట్లో నలుగురం: అమ్మ, నా భార్య, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి, నేను.

ఈ రోజు కూర్చుని మార్చి, ఏప్రిల్, మే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోనులోని చెల్లింపుల చరిత్ర ముందు పెట్టుకుని సగటు తీశాను. నెలకు 52,400 రూపాయలు వచ్చింది. నేను నలభై, నలభై రెండు వేలు ఉంటుందని అనుకుంటూ వచ్చాను. పది వేల తేడా ఎక్కడిదో తెలియకుండా ఇన్నేళ్ళు కొలతల పని చేశానంటే సిగ్గనిపించింది. ఇందులో 15,300 అద్దె, నీళ్ళ డబ్బు. దాన్ని కదిలించలేము, ఎందుకంటే ఇల్లు మారితే ఒక నెల అద్దె పెయింటింగు కింద అడ్వాన్సులోంచి పోతుంది, కొత్త ఇంటికి మళ్ళీ ఐదారు నెలల అడ్వాన్సు కట్టాలి, సామాను బండి ఖర్చు వేరే. అబ్బాయి స్కూలు ఫీజు, ఎల్‌ఐసీ ప్రీమియం కూడా కదలనివే. మిగిలిన దానిలోనే పని జరగాలి. నెలకు 36,000 దగ్గరకు తీసుకురావాలని గోడ క్యాలెండరు వెనక రాసి పెట్టాను.

నా భార్య ఆ కాగితాన్ని చూసి, "మీరు లెక్క రాయకముందు ఈ ఇల్లు నడవలేదా?" అని ఒక మాట అని వంటగదిలోకి వెళ్ళింది.

జూన్ 5, గురువారం

తేలిగ్గా తెగేవాటిని ముందు తెంపేశాను. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట చూస్తే నేను మరిచిపోయిన మూడు నెలవారీ చెల్లింపులు ఇంకా నడుస్తున్నాయి: రెండు సినిమాల యాప్‌లు, అబ్బాయి ఎనిమిదో తరగతిలో నాలుగు రోజులు చూసి వదిలేసిన ఒక పాఠాల యాప్. మూడింటినీ రద్దు చేశాను. బయటి తిండికి సగటున 4,200, పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌లకు మరో మూడు వేల చిల్లర పోతున్నాయి. వీటి గురించి పెద్దగా రాయడానికేమీ లేదు. ఇంట్లో మనిషి రోజంతా ఉంటే కొత్తిమీర కట్ట కోసం ఫోను తీయవలసిన అవసరమే రాదు.

ఆరోగ్య బీమా విషయంలో మాత్రం ఆదా వైపు వెళ్ళలేదు. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఉద్యోగంలో చివరి రోజుతోనే ముగిసిపోయింది. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారితే పాత పాలసీలో గడిచిన వేచివుండే కాలం (ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగవలసిన కాలం) కలిసివస్తుంది. ఆలస్యం చేస్తే ఆ ప్రయోజనం పోతుంది. అమ్మకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కాబట్టి ఇది మాకు చాలా ముఖ్యం. 18 శాతం జీఎస్‌టీతో కలిపి ఏడాదికి 41,300 రూపాయలు కట్టాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఇంత మొత్తం ఒకేసారి ఇవ్వడం కష్టంగానే అనిపించింది, అయినా దీన్ని నెలవారీ లెక్కలో కలపకుండా నిల్వలోంచి తీసి పక్కన పెట్టాను.

జూన్ 8, ఆదివారం

కరెంటు బిల్లుల దగ్గరకు వచ్చాను, ఇక్కడే ఏదో తేడాగా ఉంది.

కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి పథకం ఉంది. దాన్ని చాలామంది "200 యూనిట్లు ఉచితం" అని అర్థం చేసుకుంటారు, కానీ లెక్క అలా ఉండదు. 2022-23లో మన మీటరు మీద నెలకు సగటున ఎంత వాడామో, దానికి 10 శాతం కలిపి ఆ మేరకే ఉచితం. అంతకు మించితే మించిన యూనిట్లకు డబ్బు కట్టాలి. ఇక 200 యూనిట్లు దాటిన నెలలో ఉచితమన్నదే ఉండదు, మొత్తం బిల్లు మనదే. మా సగటు 92 యూనిట్లు, అంటే మాకు ఉచితంగా వచ్చేది 101. అద్దెకుండేవాళ్ళు కూడా అగ్రిమెంటు, ఆధార్ చూపించి ఈ పథకంలో చేరవచ్చు. మేము మొదట్లోనే చేరాం.

మార్చిలో మా వాడకం 184, ఏప్రిల్‌లో 206, మేలో 172. ఏప్రిల్‌లో 200 మీద ఆరు యూనిట్లు ఎక్కువైనందుకు 1,800 పైచిలుకు కట్టాం: యూనిట్‌కు 5.80, కిలోవాట్‌కు 145 చొప్పున స్థిర రుసుము, విద్యుత్ ఉద్యోగుల పింఛన్ల కోసమని యూనిట్‌కు 36 పైసల అదనపు వసూలు, ఆపైన పన్ను. ఆ బిల్లు చూసి హడలిపోయి మే మొదట్లో గీజరు ఆపేసి అమ్మకు, అబ్బాయికి స్నానానికి నీళ్ళు గ్యాసు పొయ్యి మీద కాచడం మొదలుపెట్టాం. ఆ సంగతి తర్వాత రాస్తాను, ఎందుకంటే అది మేము చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి.

నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరే. ఇంట్లో ఏసీ లేదు. మూడేళ్ళ కిందట 92 ఉన్న సగటు ఇప్పుడు 180 దగ్గర ఎందుకు ఉంది? ఈ మధ్యలో కొత్తగా వచ్చింది అబ్బాయి కంప్యూటరు ఒక్కటే.

జూన్ 10, మంగళవారం

మా మీటరు కింద మెట్ల పక్కన, మిగతా నాలుగు ఇళ్ళ మీటర్లతో పాటు ఒక చెక్కపెట్టెలో ఉంటుంది. ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుతుందో అచ్చువేసి ఉంటుంది. మాది 3200. అంటే ఒక మినుకుకు యూనిట్‌లో 3200వ వంతు. నిమిషానికి ఎన్ని మినుకులు వచ్చాయో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే ఆ క్షణంలో ఇంట్లో ఎన్ని వాట్లు లాగుతున్నాయో తెలిసిపోతుంది. దీనికి ఏ పరికరమూ కొనక్కరలేదు, సెకన్లు చూపించే గడియారం, మనిషి ఓపిక చాలు.

సాయంత్రం అబ్బాయిని పైన ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గర నిలబెట్టాను. నేను కింద ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటరు ముందు బల్ల వేసుకున్నాను. ముందు సరిచూసుకోవడం కోసం అన్నీ ఆపి గీజరు ఒక్కటే వేయమన్నాను. నిమిషానికి 110 మినుకులు లెక్కకు వచ్చాయి. గీజరు మీద 2000 వాట్లని రాసి ఉంది, నా లెక్కకు 2,060 వచ్చింది. ఎక్కువైన అరవై వాట్లు ఫ్రిజ్‌వో మరొకటో అనుకుని, "మెయిన్ దించెయ్" అని అరిచాను. పైనుంచి "దించేశాను నాన్నా" అని జవాబు వచ్చింది.

దీపం ఆగలేదు.

వాడు వేరే స్విచ్చు దించాడేమోనని పైకి వెళ్ళి చూశాను. మెయిన్ దిగే ఉంది, ఇల్లంతా చీకటి, అమ్మ కొవ్వొత్తి కోసం వెతుకుతోంది. కిందకు వచ్చి చూస్తే దీపం నిదానంగా, కచ్చితంగా, రెండు నిమిషాలకు ఐదుసార్లు మినుకుతూనే ఉంది. అంటే 47 వాట్లు. మా ఇంట్లో ఒక్క వస్తువూ నడవడం లేదు, మీటరు మాత్రం తిరుగుతోంది. తల ఎత్తి చూస్తే మెట్ల మీది రెండు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి.

ఏడున్నరకు సంపు నుంచి ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు వేశారు. మా మీటరు దీపం ఒక్కసారిగా పిచ్చిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది: నిమిషానికి 58.

జూన్ 11, బుధవారం

రాత్రంతా లెక్కలు వేశాను. మోటారు దాదాపు వెయ్యి వాట్లు, రోజుకు గంటన్నర. నెలకు 45 యూనిట్లు. మెట్ల లైట్లు పన్నెండు గంటలు. నెలకు 15 పైన. మొత్తం మీద అయిదు ఇళ్ళు తాగే, స్నానం చేసే నీళ్ళు, ఎక్కే మెట్ల వెలుగు కలిపి నెలకు అరవై యూనిట్లు మా ఖాతాలో పడుతున్నాయి. ఆ అరవై లేకపోయి ఉంటే ఏప్రిల్‌లో మేము 200 దరిదాపులకు కూడా వెళ్ళేవాళ్ళం కాదు.

ఎప్పటినుంచి అన్నది ఆలోచిస్తే నా భార్యకే గుర్తొచ్చింది. పోయిన ఏడాది మోటారు కాలిపోయినప్పుడు వచ్చిన మెకానిక్కు రెండు రోజులు మెట్ల కింద వైర్లు మార్చాడట. కామన్ మీటరుకు వెళ్ళవలసిన తీగను దగ్గరగా ఉందని మా మీటరు తర్వాతి కొసకు కలిపేసి ఉంటాడు. కావాలని చేశారని నేను అనుకోవడం లేదు.

జూన్ 14, శనివారం

ఓనరు గారితో మాట్లాడాను. మొదట "అలా జరగదు" అన్నారు. ఆయన్ను మీటరు ముందుకు తీసుకెళ్ళి, మా మెయిన్ దించి, మోటారు వేసి దీపం చూపించాను. రెండోసారి ఆయనే లెక్కపెట్టారు. కాసేపటికి, "ఇంట్లో ఖాళీగా ఉన్నారు కాబట్టి కనిపెట్టారు సార్" అని కన్నడంలో నవ్వుతూ అన్నారు. మాట కొంచెం గుచ్చుకుంది గానీ అబద్ధం కాదు. సోమవారం ఎలక్ట్రీషియన్ను పిలిపించి తీగను కామన్ మీటరుకు మార్పిస్తానన్నారు. ఏప్రిల్ బిల్లు మొత్తాన్ని వచ్చే నెల అద్దెలో మినహాయించుకోమన్నారు. పోయిన ఏడాది మొత్తం లెక్క అడగవచ్చు. అడగలేదు. ఉద్యోగం లేని కాలంలో ఇంటి యజమానితో సఖ్యత కూడా ఒక నిల్వేనని నా అభిప్రాయం.

జూన్ 22, ఆదివారం

గ్యాసు కొలత. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే యంత్రం ఉంది; వంద గ్రాముల వరకు చూపిస్తుంది. సిలిండరు మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది, మాదాని మీద 15.8 కిలోలు. నిండు సిలిండరు తెచ్చినప్పుడు దానికి 14.2 కలిపి 30 ఉండాలి. తూస్తే అంతే ఉంది. సరఫరా కుర్రవాడి దగ్గర తూకం కాటా ఉంటుంది, అడిగితే మన ఎదుటే తూస్తాడు, అడగడానికి మొహమాటపడకూడదు.

ప్రతి ఆదివారం ఉదయం రెగ్యులేటరు తీసి తూస్తున్నాను. పోయిన వారం 2.9 కిలోలు తగ్గింది. ఈ లెక్కన సిలిండరు 34 రోజులే వస్తుంది. మార్చికి ముందు మాకు యాభై రోజులు వచ్చేదని నా భార్య తన నోటుపుస్తకం చూసి చెప్పింది. (నోటుపుస్తకం గురించి కింద రాస్తాను.) కారణం తెలిసిందే: స్నానపు నీళ్ళు.

లెక్క వేసి చూశాను. 20 లీటర్ల నీళ్ళను 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవాలంటే అర యూనిట్‌కు కాస్త తక్కువ వేడి కావాలి. గీజరులో దాదాపు అంతా నీళ్ళకే వెళుతుంది, కాబట్టి అర యూనిట్టు, అంటే ఉచిత పరిమితి దాటినా మూడు రూపాయల ముప్పై పైసలు. గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నె పెడితే వేడిలో సగం గిన్నె పక్కలనుంచి గాలిలో కలుస్తుంది. సుమారు 75 గ్రాముల గ్యాసు పడుతుంది. సిలిండరు 855 రూపాయల 50 పైసలు, అంటే కిలో అరవై. ఒక స్నానానికి నాలుగున్నర. రోజుకు రెండు స్నానాలు. బిల్లు భయంతో కరెంటు నుంచి గ్యాసుకు మారి, ప్రతి స్నానానికీ రూపాయికి పైగా నష్టపోతూ, పైగా పొగలు కక్కే గిన్నెను వంటింట్లోంచి బాత్రూముకు అమ్మ ఉన్న ఇంట్లో మోసుకెళ్ళాం. దాన్ని ఆ రోజే మానేశాం. గీజరు పావుగంట వేసి ఆపేస్తే ఒక స్నానానికి సరిపోతుంది.

జూన్ 29, ఆదివారం

ఈ వారం తూకం: 1.9 కిలోలే తగ్గింది.

జులై 6, ఆదివారం

నా భార్య నోటుపుస్తకం. పెళ్ళైన ఏడాది నుంచి ఆమె కిరాణా లెక్కలు రాస్తోందని నాకు తెలుసు, కానీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆ పాత లాంగ్‌నోటు పుస్తకాల కట్టను ఈ రోజు అడిగి తీసుకున్నాను. కందిపప్పు ఏ తేదీన తెరిచారు, ఏ తేదీకి అయిపోయింది, గ్యాసు ఎప్పుడు పెట్టారు, పాల ప్యాకెట్టు ధర ఎప్పుడు పెరిగింది, అన్నీ ఉన్నాయి. నందిని నీలం ప్యాకెట్టు లీటరు 46 అయిన ఏప్రిల్ 1 దగ్గర ఆమె చిన్న గీత గీసి, "పెరుగు ఇంట్లోనే" అని రాసుకుంది. నేను నెల రోజులుగా కష్టపడి కనిపెట్టిన వాటిలో సగం అక్కడ ముందే ఉన్నాయి. పప్పు ముందురోజే నానబెట్టడం, కుక్కరు మొదటి కూతకు మంట తగ్గించడం, అన్నం, పప్పు ఒకే కుక్కరులో దించడం నేను ఆమెకు చెప్పబోయి ఊరుకున్న సంగతులు.

ఆమె పుస్తకంలో లేనిది నా ఖర్చే. పెట్రోలు, టీలు, సిగరెట్లు మానేశాక మొదలైన బిస్కెట్లు, యాప్‌లు.

కిరాణాలో మేము కలిసి చేసిన మార్పు ఒకటుంది. బియ్యం 5 కిలోల ప్యాకెట్లు మాని 26 కిలోల బస్తా తెస్తున్నాం. దుకాణాల్లో 25 కాకుండా 26 కిలోల బస్తాలు ఎందుకుంటాయని చాలాకాలం అనుకునేవాణ్ణి. 2022 జులై నుంచి ప్యాకింగ్ చేసిన 25 కిలోల వరకు బియ్యానికి 5 శాతం జీఎస్‌టీ పడుతుంది, అది దాటితే పడదు. ఆ ఒక్క కిలో అందుకోసం.

జులై 12, శనివారం

ఇది నష్టం ఖాతా. యశ్వంతపురం మార్కెట్ యార్డు మాకు దగ్గర. ఉల్లిపాయలు, బంగాళాదుంపల టోకు వ్యాపారం అక్కడే. టోకు ధరకు వస్తున్నాయి కదా అని మూడు వారాల కిందట ఇరవై కిలోల ఉల్లిపాయలు స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చాను. కిలోకు ఎనిమిది రూపాయలు మిగిలిందని లెక్క వేసుకుని సంతోషించాను. అవి పచ్చిగా ఉన్నాయి, బెంగళూరులో రోజూ తుంపర, మా బాల్కనీకి ఎండ రాదు. గోనెసంచి విప్పకుండానే వారం ఉంచాను. ఈ రోజు అమ్మ వాసన పట్టి సంచిని నేల మీద బోర్లించింది. అడుగున నల్ల బూజు, మధ్యలో మొలకలు, చేతికి తీసుకుంటే జారిపోయే మెత్తటి గడ్డలు. ఏడు కిలోలు పారేశాం.

"పల్లెలో ఉల్లిగడ్డలు ఆరబెట్టకుండా ఎవురన్నా మూటగట్టి పెడతార్రా నాయనా?" అంది అమ్మ. మాది హిందూపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు మిద్దె మీద పరిచిన ఉల్లిపాయలను రోజూ తిరగేసింది నేనే. అయినా తోచలేదు.

మిగిలిన పదమూడు కిలోలకు లెక్క వేస్తే హాప్‌కామ్స్ (ఉద్యాన రైతుల సహకార సంఘం) దుకాణంలో వారం వారం కొనుక్కున్న దానికంటే ఎక్కువే పడింది. ఇకమీదట చెడిపోనివి మాత్రమే ఎక్కువగా తెస్తాం. కూరగాయలు వారానికి రెండుసార్లు, సాయంత్రం ఏడు దాటాక, బండ్లవాళ్ళు ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నప్పుడు.

జులై 20, ఆదివారం

అమ్మ మందులకు నెలకు 2,940 అవుతోంది. ఆదాలో నేను భయపడుతూ చేసిన పని ఇది. ముందు డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి చీటీ మీద బ్రాండు పేర్ల పక్కన మందు అసలు పేర్లు రాయించుకున్నాను: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, మెట్‌ఫార్మిన్ 500, అటోర్వాస్టాటిన్ 10, థైరాయిడ్ మాత్ర. జన ఔషధి కేంద్రానికి అదే చీటీ పట్టుకెళ్ళాను. అక్కడ జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. మెట్‌ఫార్మిన్ మామూలుది వేరు, నిదానంగా కరిగే ఎస్ఆర్ రకం వేరు; అంకె ఒకటే అయినా ఒకదాని బదులు ఇంకొకటి తీసుకోకూడదు. అమ్మకు రాసింది ఎస్ఆర్. మొదట ఇచ్చిన పట్టీని వెనక్కి ఇచ్చి మార్పించుకున్నాను. టెల్మిసార్టాన్ మాత్రకు తేమ పడదు కాబట్టి వారానికి సరిపడా విడదీసి డబ్బాలో వేసే మా అలవాటును ఆ ఒక్కదానికి మానేశాం.

థైరాయిడ్ మాత్రను మాత్రం మార్చలేదు. తయారీదారు మారితే మళ్ళీ రక్తపరీక్ష చేయించి మోతాదు చూసుకోవలసి వస్తుంది, పాతదే ఉంచమన్నారు డాక్టరు గారు. అంతా కలిపి ఇప్పుడు 780. మూడు వారాలు రోజూ ఉదయం బీపీ చూసి రాయమన్నారు. ఆ రాసే పని అబ్బాయిది.

ఆగస్టు 3, ఆదివారం

నా భార్యకు ఒక చిన్న అవమానం జరిగింది. శక్తి పథకం కింద 2023 జూన్ నుంచి కర్ణాటక మహిళలకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితం, బెంగళూరు నగర బస్సుల సంస్థ బీఎంటీసీలో కూడా. పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆమె ఆధార్‌లో ఇంకా హిందూపురం చిరునామాయే ఉంది. మల్లేశ్వరం వెళ్ళే బస్సులో కండక్టరు కార్డు చూసి, "ఆంధ్రా కార్డమ్మా, టికెట్టు తీసుకోండి" అన్నాడట. తీసుకుంది, తప్పు కండక్టరుది కాదు. ఇంటికి వచ్చి ఆ రాత్రే అద్దె అగ్రిమెంటు ఫొటో పెట్టి 50 రూపాయల రుసుముతో చిరునామా మార్పుకు దరఖాస్తు చేశాం. రెండేళ్ళ కిందటే చేసి ఉండవలసిన పని ఇది.

నేను ఇంటర్వ్యూలకు వెళ్ళే రోజుల్లో 80 రూపాయల రోజు పాసు తీసుకుంటున్నాను. పోయిన ఫిబ్రవరిలో ధరలు పెరిగాక మెట్రోలో దూరం వెళితే ఒకవైపే 90 వరకు అవుతోంది. కనుక తొందర ఉన్న రోజే మెట్రో. స్కూటరుకు పెట్రోలు లీటరు 103 దగ్గర ఉంది, దాన్ని ఎక్కువగా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికే తీస్తున్నాను.

ఆగస్టు 13, బుధవారం

బొమ్మసంద్రలో ఇంటర్వ్యూ. మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారని ముందే తెలిసి ఉంటే డబ్బా కట్టుకుని వెళ్ళేవాణ్ణి. తిరుగుదారిలో దిగి ప్రభుత్వం తక్కువ ధరకు భోజనం పెట్టే ఒక ఇందిరా క్యాంటీన్ వరుసలో నిలబడ్డాను. 2017లో ఇవి మొదలైనప్పుడు మా ల్యాబు ఎదురుగా ఒకటి కడుతుంటే చూశాను, ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. పది రూపాయలు ఇచ్చి టోకెను తీసుకున్నాను. అన్నం, సాంబారు. వేడిగా ఉంది, ఉప్పు కొంచెం తక్కువ. నిలబడి తినే బల్ల దగ్గర నా ఎదుట ఒకతను ఇస్త్రీ చొక్కాతో, మెడలో కంపెనీ కార్డుతో తింటున్నాడు. అతనికి ఆకలి తప్ప నన్ను గురించిన ఆలోచనేమీ లేదు. నేను మాత్రం నా ధ్రువపత్రాల ఫైలును కాళ్ళ మధ్య దాచుకుని తిన్నాను. ఎందుకు దాచానో ఇంటికి వచ్చాక కూడా తెలియలేదు.

ఆగస్టు 24, ఆదివారం

అబ్బాయి ట్యూషన్ మానేస్తానన్నాడు. క్యాలెండరు వెనక కాగితం చూశాడని అర్థమైంది. వద్దన్నాను. ఆ కాగితాన్ని తీసి నా డైరీలో పెట్టుకున్నాను.

తాగే నీళ్ళ సంగతి రెండు మాటల్లో: 20 లీటర్ల క్యాను ఇంటికి తెప్పిస్తే 40 రూపాయలు. రెండు వీధుల అవతల శుద్ధ నీటి కేంద్రంలో నాణెం వేస్తే అంతే నీళ్ళు వస్తాయి. స్కూటరు ముందు క్యాను పెట్టుకుని నేనే తెస్తున్నాను. నెలకు నాలుగు వందల పైన మిగులుతోంది, నడుముకు కొంచెం శ్రమ.

కొనకుండా ఆగిన వస్తువు గురించి కూడా రాయాలి. తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మా పాత ఫ్యాను 75 వాట్లు, అది 28. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 17 యూనిట్లు తగ్గుతాయి, 115 రూపాయలు. ఫ్యాను ధర మూడు వేలు. రెండేళ్ళకు పైగా తిరిగితేనే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది, బెంగళూరులో ఏడాదిలో సగం ఫ్యానే అక్కరలేదు. జీతం వస్తున్నప్పుడైతే కొనేవాణ్ణేమో. ఇప్పుడు ఆదా పేరుతో కొనే వస్తువు ఏదైనా నాకు అనుమానంగానే ఉంది.

సెప్టెంబరు 7, ఆదివారం

కరెంటు బిల్లు వచ్చింది: 118 యూనిట్లు, కట్టవలసింది 120 లోపు. తీగ మార్చాక కూడా మొదటి నెల 142 వచ్చింది, గీజరు మళ్ళీ వాడుతున్నాం కాబట్టి. మళ్ళీ మీటరు ముందు కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు ఆగదు. అది ఒక్కటే ఉంటే మినుకుకు, మినుకుకు మధ్య తొంభై సెకన్లు దాటుతోంది, అంటే 12 వాట్లు, రాత్రింబవళ్ళు, నెలకు తొమ్మిది యూనిట్లకు తక్కువ. గోడ దగ్గరే ఆపుతున్నాం. కంప్యూటరు కూడా అంతే. మిగిలినది వాన తెచ్చిన చల్లదనమే, అందులో నా గొప్ప ఏమీ లేదు.

సెప్టెంబరు 22, సోమవారం

ఈ రోజు నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకు జీఎస్‌టీ పూర్తిగా తీసేశారు. జూన్‌లో నేను కట్టిన దానిలో 6,300 పన్నే. మూడు నెలలు ఆగి ఉంటే మిగిలేది, కానీ ఆ మూడు నెలలు అమ్మ బీమా లేకుండా ఉండేది. చేసిన పనే మళ్ళీ చేస్తాను. అయినా ఆ అంకె చూసి కాసేపు కుమిలిపోయాను.

సెప్టెంబరు 28, ఆదివారం

నెల లెక్క ముగించాను: 36,500. అనుకున్న దానికి అయిదు వందలు ఎక్కువ. కిరాణా 7,800 నుంచి 6,100కు, కూరగాయలు 3,600 నుంచి 2,400కు వచ్చాయి. బయటి తిండి 400, అందులో సగం అబ్బాయి పుట్టినరోజు ఐస్‌క్రీమే. పాలు లీటరున్నర నుంచి లీటరుకు తగ్గించాం. అమ్మ రాత్రి పాలు మానేసిందని నిన్ననే తెలిసింది, రేపటి నుంచి అర లీటరు మళ్ళీ తెప్పిస్తున్నాం. అప్పుడు 37,000 దాటుతుంది, దాటనివ్వండి.

కింది ఇంటివాళ్ళు వాళ్ళ మీటరును కూడా ఒకసారి చూడమని అడిగారు. బల్ల, ఫోను తీసుకుని వెళ్ళి చూశాను. వాళ్ళది సరిగ్గానే ఉంది, మెయిన్ దించగానే దీపం ఆగిపోయింది. తిరిగి వచ్చాక మా ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను. అది అనుకున్న దానికంటే ఎక్కువసేపు నడుస్తోందని మినుకులు చెబుతున్నాయి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూశాను. పైన గట్టిగా పట్టుకుంది, కింద కుడి మూలలో నోటు జారి చేతికి వచ్చేసింది. రబ్బరు ఆ మూలలో గట్టిపడి విడిపోయింది. వేడినీళ్ళ గుడ్డతో తుడిచి మెత్తబరచి చూశాను, కొంచెం నయం. కొత్త రబ్బరు ధర రేపు విడిభాగాల దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో అడగాలి. మీటరు రీడింగుకు మనిషి వచ్చే నెల అయిదో తేదీ దగ్గరలో వస్తాడు.